అద్దానికి అందని మూల

సిటీ బస్సుల్లో టికెట్లు చెక్ చేయడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బస్సు ఆగగానే ముందు తలుపులోంచి ఒకరం, వెనక తలుపులోంచి ఒకరం ఎక్కుతాం. ఎక్కిన నిమిషంలోనే టికెట్ లేనివాడు ఎవడో చెప్పేయగలనని నాకు చెడ్డ గర్వం. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. టికెట్ లేనివాడు నిద్రపోతాడు. మామూలు నిద్ర కాదు, మేం ఎక్కాక పట్టే నిద్ర. తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, రెప్పల కింద గుడ్లు మాత్రం అటూ ఇటూ తిప్పుతూ ఉంటాడు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. నేను వందలమందిని లేపాను.

ఆ చూపుతోనే మా అమ్మాయిని కూడా చూశాను. దాదాపు ఏడాది పాటు, రోజూ, వెనక వచ్చే బండ్లు చూసుకోవడానికి కారులో డ్రైవర్ తల పైన ఉండే అద్దంలోంచి చూశాను. అందుకు తనకు నేను ఒక మాట చెప్పాల్సి వచ్చింది. తండ్రులు పిల్లలకు చెప్పే అలవాటు మా ఇళ్లలో లేని మాట అది. మా నాయన నాకు చెప్పలేదు, ఆయనకు వాళ్ల నాయన చెప్పి ఉండడు. అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో, వచ్చి ఏమైందో రాద్దామని కూర్చున్నాను.

ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం అద్దం ఊడి పడింది. మా అమ్మాయి ఇంటర్ అయ్యాక మెడికల్ సీటు కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరింది. ఆదివారాలు పరీక్ష పెట్టి ఒంటిగంటకు వదులుతారు. నేను పన్నెండున్నరకే వెళ్లి, గొడుగులమ్మే బండికీ జిరాక్స్ షాపుకీ మధ్య కారు ఇరికించి, కిటికీలన్నీ మూసేసి ఎండలో ఉడుకుతూ కూర్చున్నాను. తను ఇద్దరు స్నేహితురాళ్లతో వచ్చింది. వెనక తలుపు తీసి, కూర్చుని, తలుపు వేసింది. నా తల పైనుంచి అద్దం ఊడి గేర్ రాడ్ మీద పడి, అక్కడి నుంచి నా కాళ్ల దగ్గరికి జారింది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"తలుపు గట్ల గుద్దుతరా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు? పేపర్ మంచిగ రాయకుంటె ఆ కోపం కారు మీద తీస్తవా?"

"మెల్లగనే ఏసిన డాడీ," అంది.

"మెల్లగ ఏస్తె అద్దం ఊడి పడ్తదా? కండ్ల ముంగట పడ్డదాన్ని కూడ కాదంటవా?"

బై చెప్పడానికి చేతులెత్తిన ఆ ఇద్దరు ఆడపిల్లలూ చేతులు దించుకున్నారు. ఒకమ్మాయి మా అమ్మాయి మొహం చూడకుండా తన సంచిలోకి చూసుకోవడం మొదలుపెట్టింది. ఆ మర్యాద నాకు అప్పుడు అర్థం కాలేదు. అద్దం తీద్దామని వంగితే అందులో నా గడ్డం, నోరు కనిపించాయి. నోరు ఇంకా తెరిచే ఉంది. గుట్కా నమిలే అలవాటు మానేసి ఆరేళ్లయినా పళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తీసి పక్క సీట్లో బోర్లా పడేశాను.

అసలు ఈ కారు కొన్నదే తన కోచింగ్ కోసం. సెకండ్ హ్యాండ్ చిన్న కారు, బూడిద రంగుది. మేముండేది ఎల్బీ నగర్ లోపలి కాలనీలో. మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ ఎంతోసేపు పట్టదు. కారులో అయితే పొద్దున ఏడింటికే అరగంట. ఈ లెక్క మా ఆవిడ నాకు చాలాసార్లు చెప్పింది. "మెట్రోల పోతె పిల్ల పావుగంట ఎక్కువ పండుకుంటది కద," అనేది. మెట్రోలో అయితే పిల్ల నాకు కనపడదు. ఆ మాట పైకి అనకుండా, "మెట్రోల నిలవడి పోవాలె, కారైతే కూసోని చదువుకోవచ్చు," అన్నాను. బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. బస్సుల్లో ఏం జరుగుతుందో ఇరవై రెండేళ్లు చూసినవాణ్ణి.

ముందు సీట్లో కూర్చుంటే రోడ్డు చూస్తుందని వెనక సీట్లో కూర్చోబెట్టాను. నా వెనక కూర్చుంటే నాకు కనపడదు కాబట్టి ఎడమ వైపు కూర్చోమన్నాను. బయల్దేరే ముందు బొటనవేలితో అద్దాన్ని కిందికి, ఎడమకు నొక్కేవాణ్ణి. వెనక అద్దం, రోడ్డు, వచ్చే బండ్లు అన్నీ మాయమై తన మొహం, చేతిలోని పుస్తకం కనిపించేవి. తనను దింపాక మళ్లీ పైకి నొక్కి డ్యూటీకి వెళ్లేవాణ్ణి. సాయంత్రం మళ్లీ కిందికి, మళ్లీ పైకి. వెనకనుంచి వచ్చే బస్సు ఎక్కడ గుద్దుతుందోనన్న భయం కూడా లేదు నాకు. బస్సుల వాళ్లంతా నా వాళ్లేనన్న ధీమా.

మొదటి నెల తను నిటారుగా కూర్చుని చదివేది. నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "పేజీ తిప్పి ఎంతసేపైంది?" అనేవాణ్ణి. "బయట ఏం చూస్తున్నవ్?" అనేవాణ్ణి. ఒకసారి తనలో తను నవ్వుకుంది. "ఏం గుర్తొచ్చింది?" అని అడిగాను. "ఏం లేదు," అంది. ఆ "ఏం లేదు"ను సరూర్‌నగర్ మలుపు వచ్చేదాకా వదల్లేదు. ఏం గుర్తొచ్చిందో చివరికి చెప్పింది. క్లాసులో సారు చెప్పిన జోకు. అది విని నేను నవ్వలేదు. నేను నవ్వలేదని తను చూసింది కూడా.

రెండో నెల నుంచి తను నిద్రపోవడం మొదలుపెట్టింది.

కారెక్కగానే తలను తలుపు వైపు మూలకు చేర్చి, ఒళ్లు కిందికి జార్చి, ముందు సీటు చాటుకు పోయేది. అద్దంలో నాకు మోకాళ్లు, పుస్తకం అంచు మాత్రమే కనిపించేవి. "లే, లే, ఇప్పుడేం నిద్ర?" అనేవాణ్ణి. "లేచే ఉన్న డాడీ," అనేది. లేపడానికి అనవసరంగా హారన్ కొట్టేవాణ్ణి. చైతన్యపురి దగ్గర ఆ హారన్‌కు ముందు స్కూటర్ మీది పెద్దాయన వెనక్కి తిరిగి తిట్టాడు. అయినా తను ఆ మూలలోంచి కదలలేదు. అది చూసి నాలోని చెకింగ్ మనిషికి అనుమానం పట్టుకుంది. నిద్రపోయేవాడి దగ్గర టికెట్ ఉండదు. ఈ పిల్ల దగ్గర ఏదో ఉండకూడనిది ఉంది. ఇంకో ఫోనో, ఎవరో రాసిన కాగితమో. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు ఆ కామెర్లు నా ఉద్యోగం ఇచ్చినవి.

ఇప్పుడు రాయబోయేది మా ఆవిడకు కూడా తెలియదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి క్లాసులు మళ్లీ మొదలైన రోజులు. పొద్దున కొత్తపేటలో రైతుబజార్ దాటగానే, పాత పండ్ల మార్కెట్ ఉండిన వైపు, కారు పక్కకు తీసి ఆపాను. దిగి వెనక తలుపు తెరిచాను.

"సంచి ఇటియ్యి."

"ఎందుకు డాడీ?"

"ఇయ్యమన్ననా లేదా?"

ఇచ్చింది. సంచిని బానెట్ మీద పెట్టి ఒక్కొక్కటే తీశాను. ఫిజిక్స్, జువాలజీ, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, రబ్బరు, పెన్నులు. బస్సులో ఎవడి సంచినీ నేను అలా తీయలేదు, ఆ అధికారం మాకు లేదు కూడా. అడుగున న్యూస్‌పేపర్‌లో గట్టిగా చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసిన పొట్లం ఒకటి ఉంది.

"ఏంది గిది?"

"ఏం లేదు డాడీ. గది వద్దు."

ఏం లేదు సార్ అనేవాళ్ల దగ్గరే ఎప్పుడూ ఏదో ఉంటుందని నాకు నా ఉద్యోగం నేర్పింది. రబ్బర్ బ్యాండ్ లాగేశాను. పేపర్ విప్పాను.

మందుల షాపువాళ్లు ఆడవాళ్లకు నెల నెలా కావలసినవాటిని అలా పేపర్‌లో చుట్టి ఇస్తారని నాకు తెలియంది కాదు. మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఆ ప్యాకెట్ నా చేతిలో, రోడ్డు పక్కన, ఎండలో ఉంది. రెండడుగుల దూరంలో గోనెపట్టా పరుచుకుని కొత్తిమీర, పుంటికూర అమ్ముకునే ఒకామె కూర్చుని ఉంది. నాకంటే ముందు ఆమెకే అర్థమైంది. మొహం అటు తిప్పుకుని, కూర మీద నీళ్లు చల్లుతూ, "ఇడిసిపెట్టయ్యా, ఆడపిల్ల," అంది. గట్టిగా కూడా అనలేదు.

పేపర్ మళ్లీ చుట్టబోయాను. మడతలు కుదరలేదు. ఒక వైపు మూస్తే ఇంకో వైపు తెరుచుకుంటోంది. మా అమ్మాయి దిగి వచ్చి, నా చేతిలోంచి తీసుకుని, రెండు మడతల్లో చుట్టేసి, సంచి అడుగున పెట్టుకుంది. పుస్తకాలు మళ్లీ సర్దుకుంది. నా మొహం చూడలేదు.

అప్పుడు నేను ఏమన్నానో రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. "ముందే చెప్తే అయిపోవు కద," అన్నాను. తప్పు తనదే అయినట్టు.

దిల్‌సుఖ్‌నగర్ చేరేదాకా అద్దం పైకి నొక్కే ఉంచాను. సాయంత్రం కూడా అలాగే ఉంచాను. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెడుతుంటే ఎప్పుడు నా మీద విరుచుకుపడుతుందా అని కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె మామూలుగానే ఉంది. పచ్చిపులుసు ఇంకొంచెం వేయనా అని అడిగింది. మా అమ్మాయి తల్లికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంట్లో ఒకరోజు గొడవై పోయేది, నాకు పడాల్సినవి పడేవి. చెప్పకపోవడంతో అది మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. రెండు రోజులయ్యాక అద్దం మళ్లీ కిందికి నొక్కాను. నా సిగ్గు రెండు రోజులే ఆగింది.

ఏప్రిల్‌లో అద్దం ఊడిన ఆదివారం సాయంత్రం దాన్ని నేనే అంటించాను. కాలనీ కిరాణా షాపులో చెప్పుల నుంచి ప్లాస్టిక్ బకెట్ల దాకా ఏదైనా అంటుకుంటుందనే చిన్న ట్యూబ్ ఒకటి తెచ్చి, కారు ముందు గాజు మీద పూసి, అద్దాన్ని నొక్కి పట్టుకున్నాను. రెండు వేళ్లు కూడా అంటుకుని తోలు లేచింది. అద్దం మాత్రం నిలిచింది. మర్నాడు చైతన్యపురి దగ్గర, బొటనవేలితో ఇంకొంచెం కిందికి నొక్కగానే, మళ్లీ ఊడి చేతిలోకి వచ్చింది. ఈసారి తలుపు ఎవరూ వేయలేదు. ఇంటికి వెళ్లి, అద్దానికి మా ఆవిడ కట్టిన హనుమంతుడి లాకెట్ బరువుకే ఊడిందని తేల్చాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది," అంది ఆమె. "అంటించుడు రాక దేవుని మీద పెడ్తున్నవా?"

వారం రోజులు అద్దం లేకుండానే నడిపాను. వెనక ఏం వస్తోందో తెలియకపోవడం కంటే, వెనక సీట్లో ఏం జరుగుతోందో తెలియకపోవడమే నాకు ఎక్కువ ఇబ్బందైంది. తర్వాతి ఆదివారం పరీక్ష అయ్యాక మా అమ్మాయిని ఎక్కించుకుని నేరుగా ఎల్బీ నగర్‌లో కారు అద్దాలు బిగించే షాపుకు వెళ్లాను.

షాపతను నా ఈడువాడే. గుంటూరు వైపు మనిషి. ఇక్కడికొచ్చి పాతికేళ్లైందట, మాట మాత్రం అక్కడిదే. కారులోకి వంగి, గాజు మీద నేను పూసిన జిగురును గోటితో గీకి చూశాడు.

"ఇదెవరు అంటించారండీ?"

"ఎవరో," అన్నాను.

షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా అమ్మాయి తలెత్తి నావైపు చూసింది. మళ్లీ పుస్తకంలోకి దించుకుంది.

"ఎవరోగానీ ఇది గాజుకి వాడే జిగురు కాదండి. ఎండ తగిలితే పాలు విరిగినట్టు విరిగిపోద్ది," అంటూ బ్లేడుతో గీకడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు పళ్లు పులిశాయి. గీకాక దూదితో స్పిరిట్ పెట్టి తుడిచాడు. గాజుకు అంటుకునే ఇనుప బిళ్ల చిన్నది, బొటనవేలి గోరంత ఉంటుంది. దాన్ని అద్దం నుంచి విడదీసి గరుకు కాగితం మీద రుద్దాడు. ఇన్నాళ్లూ నేను చేసిన కాపలా అంతా ఆ గోరంత బిళ్ల మీదే వేలాడిందన్నమాట.

నాకు తెలుసుకోవాల్సింది ఒకటుంది. నాలుగు మాటలు అటూ ఇటూ మాట్లాడి అడిగాను. "తలుపు గట్టిగ ఏస్తె ఊడుతదా ఇది?"

"తలుపుకి ఊడేదైతే ఏ కారుకీ అద్దం ఉండదండి," అన్నాడు.

"మరి లాకెట్ బరువుకు?"

"తులం లేదండి అది. దేవుణ్ణి ఎందుకు అంటారు?" అద్దం వెనక ఉండే చిన్న మెడను పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. అది గాలిలో చెట్టుకొమ్మలా ఊగింది. "ఇది చూడండి. ఎంత వదులైపోయిందో. ఊరికే అవదండి, రోజూ తిప్పితేనే అవుద్ది. తిప్పినప్పుడల్లా బిళ్ల మీద బరువు పడుద్ది. కారు ఇద్దరు నడుపుతారా? పొడుగోళ్లొకరు, పొట్టోళ్లొకరు ఉంటే ఇలా అవుద్ది."

"లేదు. నేనొక్కన్నే."

"మరి ఒక్కరే నడిపితే ఇన్నిసార్లు తిప్పడం దేనికండీ?"

గుమ్మడికాయల దొంగలా చొక్కా కాలర్ సర్దుకున్నాను. మా అమ్మాయి పేజీ తిప్పింది. విన్నదని నాకు తెలుసు, లేకపోతే ఆ పేజీ అంత తొందరగా తిప్పేది కాదు. వారం క్రితం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద తన స్నేహితురాళ్ల ముందు నేను అన్న మాటలన్నీ నోటిలోకి తిరిగి వచ్చినట్టైంది. "నువ్వు మెల్లగనే ఏసినవ్," అని అప్పుడే అనొచ్చు. షాపతను ఉన్నాడని అనలేదు. పది మంది ముందు తిట్టడానికి అడ్డం రాని సిగ్గు, ఒక్కడి ముందు తప్పు ఒప్పుకోవడానికి అడ్డం వచ్చింది.

అతను గాజుకు బయటివైపు స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టి, లోపల చుక్క జిగురు వేసి బిళ్లను నొక్కి పట్టుకున్నాడు. అరగంట ఆరాలన్నాడు. టీ తెప్పించాడు. అరగంట తర్వాత అద్దాన్ని బిళ్లకు తగిలించి, మెడలోని స్క్రూ బిగించి, నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. తను పక్క సీట్లో కూర్చున్నాడు.

"పెట్టుకోండి సార్, మీకు ఎలా కావాలో."

నా బొటనవేలు దానంతటదే లేచింది. కిందికి, ఎడమకు నొక్కింది.

"అదేంటండీ, అలా పెడితే సీటు కనపడుద్ది. వెనక అద్దం కనపడాలి కదా," అంటూ చెయ్యి చాపి పైకి తిప్పాడు. తర్వాత కిటికీలోంచి, "అమ్మా, ఒకసారి వెనక కూర్చోమ్మా. నీ తల అడ్డం వస్తుందేమో చూద్దాం," అని మా అమ్మాయిని పిలిచాడు.

తను వచ్చి ఎడమ తలుపు తీసి కూర్చుంది. కూర్చోగానే ఎప్పటిలాగే తలను మూలకు చేర్చి, ఒళ్లు కిందికి జార్చి, ముందు సీటు చాటుకు వెళ్లిపోయింది.

"అలా కాదమ్మా. సరిగ్గా కూర్చో."

"నేనెప్పుడు గిట్లనే కూసుంట అంకుల్," అంది. "ఈడైతే కనపడ."

"ఎవరికి?" అన్నాడతను.

తను పుస్తకాన్ని మోకాళ్ల మీదికి తెచ్చుకుంది. కనపడనన్న ఆ మాట నాకు తగలాలని కూడా అనలేదు. గొడుగు వేసుకుంటే తడవను అన్నట్టు మామూలుగా అనేసింది. అతను అద్దం వైపు చూశాడు, వదులైన ఆ మెడ వైపు చూశాడు, తర్వాత నావైపు చూశాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రినని టీ తాగుతున్నప్పుడే చెప్పాడు. కారు దిగి, చేతులు తుడుచుకునే గుడ్డ వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

మా అమ్మాయి మంచినీళ్ల సీసా నింపుకొస్తానని దిగింది. నేను కూడా దిగి, అటు తిరిగి వెళ్లి, వెనక సీట్లో తను కూర్చునే చోట కూర్చున్నాను. కారు కొన్నాక వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. తలను మూలకు చేర్చాను. తలుపు పక్కన ప్లాస్టిక్ మీద అరచేయంత నూనె మరక ఉంది. ఆదివారాలు కారు కడిగినప్పుడల్లా ఆ మరకను సబ్బుగుడ్డతో రుద్దేవాణ్ణి. చదువుకోమని కూర్చోబెడితే పడుకుని తలనూనె పూసిపోతోందని గొణుక్కుంటూ రుద్దేవాణ్ణి. నాది తనకంటే పెద్ద ఒళ్లు. ముందు సీటు చాటుకు రావాలంటే నడుము ఒక పక్కకు, మెడ ఒక పక్కకు వంచాల్సి వచ్చింది. అక్కడి నుంచి ముందు సీటు వీపు, దాని తలదిండుకున్న రెండు ఇనుప కడ్డీలు, కిటికీ పైఅంచున మెట్రో స్తంభం కొన కనిపించాయి. రెండు నిమిషాలకు మెడ పట్టేసింది. తను రోజూ వచ్చేటప్పుడు అరగంట, పోయేటప్పుడు అరగంట అలా కూర్చుంది. నిద్రపోలేదు. పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని చదువుకుంది. "లేచే ఉన్న డాడీ" అని రోజూ నిజమే చెప్పింది. ఇరవై రెండేళ్లలో ఎంతమందిని నమ్మలేదో నాకు లెక్క లేదు గానీ, నిజం చెప్పిన మనిషిని ఇన్నిసార్లు నమ్మకపోవడం మాత్రం ఇదే మొదటిసారి.

తను నీళ్లు పట్టుకుని వచ్చేసరికి నేను డ్రైవర్ సీట్లోకి వచ్చేశాను. "ముందు కూసో బిడ్డా," అన్నాను.

"వద్దు డాడీ, వెనకనే బాగుంది," అంది.

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎర్ర సిగ్నల్ పడింది. అద్దంలో ఇప్పుడు వెనక ఆటో, దాని వెనక సిటీ బస్సు కనిపిస్తున్నాయి. తను కనపడటం లేదు. చూడాలంటే మనిషే తిరగాలి. సీటు బెల్ట్ తీసేసి, రెండు చేతులూ సీటు మీద వేసి, పూర్తిగా వెనక్కి తిరిగాను. అద్దం చూపు మారిపోయినా తను ఆ మూలలోనే ఉంది.

"తప్పైంది బిడ్డా," అన్నాను. "తలుపు నువ్వు మెల్లగనే ఏసినవ్. ఇంకా... ఆ రోజు కొత్తపేటల సంచి..."

"గది వద్దు డాడీ," అంది. ఆ రోజు అన్న మాటే. ఈసారి ఆగాను.

సిగ్నల్ మీద అంకెలు తగ్గుతున్నాయి. కాసేపు తను సీసా మూత తిప్పుతూ కూర్చుంది. తర్వాత, తలెత్తకుండానే, "ఒకటి చెప్పాల్నా?" అంది.

"చెప్పు."

"ఆ అద్దంల నీ కండ్లే కనపడ్తయి డాడీ. నోరు కనపడదు. మామూలుగ చూస్తున్నవో, కోపంగ చూస్తున్నవో తెల్వదు. ఎందుకైన మంచిదని కోపమే అనుకుంటుంటి."

వెనక హారన్లు మొదలయ్యాయి.

"గ్రీన్ సిగ్నల్ పడ్డది," అంది తను. "ముందుకు చూడు డాడీ."

మర్నాడు పొద్దున తను మెట్రోలో వెళ్తానంది. మా ఆవిడ ఎందుకని అడగలేదు. నేను కూడా వద్దనలేదు. పరీక్షకు ఇంకా మూడు వారాల టైముంది. ఆ మూడు వారాలూ స్టేషన్ దాకా మాత్రం నేనే దింపాను. ఆ కాస్త దూరానికి తను ముందు సీట్లో కూర్చుందా, వెనక సీట్లో కూర్చుందా అంటే, వెనకే. వచ్చిన ర్యాంకు సంగతి ఇక్కడ రాయను. అది తన సంగతి.

మొదటి రోజు తను దిగి, సంచి భుజాన వేసుకుని, ఎస్కలేటర్ ఎక్కింది. నేను కారు దిగి కింద నిలబడ్డాను. ఎండకు పెట్టుకున్న నల్లద్దాలు తీసేశాను. మొహం మొత్తం కనపడేలా తలెత్తి, ఎర్రపళ్లు కనపడ్డా ఫరవాలేదని, నవ్వాను. పక్కన ఆటోవాళ్లు నాకేమైందా అని చూస్తున్నారు. తను ఒకవేళ వెనక్కి తిరిగి చూస్తే కోపం కాదని తెలియాలని, ఆ నవ్వును అలాగే పట్టుకుని, ఎస్కలేటర్ తనను పైకి తీసుకెళ్లేదాకా నిలబడ్డాను.

తను తిరగలేదు.